నోట్లోనే ఉన్న అచ్చులు

మా ప్రాంతానికి ఇంగ్లీషు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి గల్ఫ్ దారి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి పోయిన మనుషులు అక్కడి లేబర్ క్యాంపుల్లో, సైట్ల మీద నేర్చుకుని తెచ్చిన ఇంగ్లీషు అది. రెండోది అమీర్‌పేట దారి. డిగ్రీ చేతికి రాగానే హైదరాబాదు బస్సెక్కి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి నేర్చుకున్న ఇంగ్లీషు. నేను రెండో దారిన పోయాను. మొదటి దారిన వచ్చినదాన్ని ఇంగ్లీషే కాదనుకున్నాను. అలా అనుకుని నేను ఎంత పోగొట్టుకున్నానో, నా వాళ్లను ఎంత నొప్పించానో చెప్పుకోవాలని చాలా కాలంగా ఉంది.

ఇబ్రహీంపట్నం అనగానే హైదరాబాదు పక్కదా, విజయవాడ పక్కదా అని అడుగుతారు. మాది మెట్‌పల్లి దగ్గరిది, గోదావరి ఒడ్డు మండలం. నేను చదువుకునేనాడు కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జగిత్యాల జిల్లా. పసుపు, మక్క, వరి మా పంటలు. ఇంటింటా ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఉండేది. నేను చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. సారు చదివితే వినేవాళ్లం, బోర్డు మీది జవాబులు రాసుకునేవాళ్లం, పరీక్షలో అవే రాసేవాళ్లం. ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం నా నోటితో నేను అన్న గుర్తు పదో తరగతి దాకా లేదు.

2004లో హైదరాబాదు పోయాను. కాల్ సెంటర్ల కాలం అది. అమెరికాకు పగలైతే మనకు రాత్రి కాబట్టి రాత్రంతా ఫోన్లో మాట్లాడాలి. బాపు పసుపు అమ్మి ఏడాదికి కళ్లచూసే డబ్బు అక్కడ కొన్ని నెలల్లో వస్తుందని విన్నాను. ఒకచోట ఇంటర్వ్యూకు పోతే, నా పేరున్న కాగితం మీద ‘ఎంటీఐ ఎక్కువ’ అని రాశారు. మాతృభాష ప్రభావానికి ఆ రంగంలో వాడే పొట్టి పేరది. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఎట్లాంటి మనిషి కావాలో వాళ్లు వెతుక్కున్నారు. ఆ రెండు మాటల్ని నా మీద తీర్పుగా తీసుకున్నది నేనే. అవ్వ దగ్గర నేర్చుకున్న మాటే నా బతుకుకు అడ్డం పడుతోందని ఆ రోజు నమ్మాను. దాన్ని నోట్లోంచి తీసేసి, ఆ జాగాలో అమెరికా వాళ్ల అచ్చుల్ని పెట్టుకుంటే చాలనుకున్నాను.

ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాను. ఇంగ్లీషు పదం, పక్కన తెలుగు అక్షరాల్లో దాని పలుకు. బస్టాండుల్లో అమ్మే పుస్తకాల పద్ధతే అది. షిప్ అంటే హ్రస్వం, షీప్ అంటే దీర్ఘం. ఫుల్ అంటే హ్రస్వం, ఫూల్ అంటే దీర్ఘం. పేజీల కొద్దీ రాసి, బట్టీపట్టి, అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకునేవాణ్ణి. ఒక టేపు దొరికింది. అందులో ఒకే ఒక మగగొంతు. ఆ గొంతును రోజూ వినేవాణ్ణి, అది ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ తీసుకునేవాణ్ణి. అమెరికా యాస అంటే నాలుక వెనక్కి మడిచి ‘ర’ అనడం, రెండు అచ్చుల మధ్య ‘ట’ను ‘డ’కు దగ్గరగా జార్చడం, మాటను కాస్త ముక్కులోంచి లాగడం అని తేల్చుకున్నాను. ‘ట’ను అమెరికన్లు నిజంగానే అట్లా జారుస్తారు. అయితే నేను చైనా, సోఫా, ఐడియా లాంటి మాటల చివర కూడా ‘ర్’ తగిలించాను. ఇంగ్లండులో చాలామంది అట్లా అంటారు, అదీ తర్వాతి పదం అచ్చుతో మొదలైనప్పుడే. అమెరికన్లు మామూలుగా అనరు. నేను అమెరికా అనుకుని పలికిన యాస ఏ దేశానిదీ కాదు.

ఉద్యోగం వచ్చింది. అక్కడి యాక్సెంట్ ట్రైనింగ్‌లో ఇచ్చిన వాక్యాలను నా పద్ధతిలోనే దాటించాను. ఫోన్లో ముందే రాసిపెట్టిన మాటలు చదివినంతసేపు గడిచిపోయేది. అవతలి మనిషి రాసిపెట్టని ప్రశ్న అడిగితే నాకు అర్థం కాకపోయేది, నేను చెప్పేది ఆయనకు అర్థం కాకపోయేది. అయినా నేను నేర్చుకున్నానన్న నమ్మకం పోలేదు. పండుగకు ఊరికి వస్తే తెలుగులోకి కూడా ఆ యాస తెచ్చాను. బస్సులో పక్క మనిషి ఏ ఊరని అడిగితే ఇబ్రహీంపట్నం పేరును సైతం తిప్పి చెప్పాను. అవ్వ నా మొఖం చూసి, “గట్లెందుకు మాట్లాడుతున్నవ్ బిడ్డా, గొంతు బాగలేదా” అని అడిగింది. ఆమె నిజంగానే రంది పడి అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

అంతకన్నా బరువైనది మా అన్న విషయం. మా పెద్దబాపు కొడుకు. పదో తరగతి దాటలేదు. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి దుబాయి పోయిండు, సెంట్రింగ్ పని. ఏళ్ల తరబడి మలయాళీలతో, పాకిస్తాన్ వాళ్లతో, ఫిలిప్పీన్స్ వాళ్లతో, ఈజిప్టు ఇంజనీర్లతో పని చేసినవాడు. అతని ఇంగ్లీషులో వ్యాకరణం తక్కువ, మాటలు తక్కువ. ఒక్కో మాట విడివిడిగా, నిండుగా అనేవాడు. తన జీతం తను అడిగి తీసుకోగలడు. దవాఖానలో తోటివాడి నొప్పి డాక్టరుకు చెప్పగలడు. సైటు మీద ఎవరైనా పడబోతే అందరికీ వినబడేలా కేక వేయగలడు. ఇంతకన్నా ఇంగ్లీషుతో ఏం పని ఉంటుంది? అప్పుడు నాకు ఆ ప్రశ్న తోచలేదు. అతను నలుగురిలో ఇంగ్లీషు ముక్క మాట్లాడితే నేను తలదించుకునేవాణ్ణి. ఒకసారి అతను సెలవు మీద వచ్చినప్పుడు, ఇంటి ముందు చుట్టాల మధ్య అతను క్యాంపు ముచ్చట చెబుతుంటే మధ్యలో ఆపి, ఆ పదం అట్లా అనరు, ఇట్లా అంటారు అని దిద్దాను. అన్న ఏమీ అనలేదు. ముచ్చట అక్కడితో ఆపేసిండు.

ఆ సెలవులోనే అతని కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. బిడ్డ పెండ్లి వాయిదా పడడంతో సెలవు పొడిగించమని అడిగి ఉన్నాడు. అవతల టైమ్‌కీపర్, ఫిలిప్పీన్స్ మనిషి. అన్న ఫోన్ నా చేతిలో పెట్టి, “తమ్మీ, నువ్వు మాట్లాడు. నీది మంచి ఇంగ్లీషు” అన్నడు. నేను దిద్దిన తర్వాత కూడా నా మీద అతనికి అంత నమ్మకం. నేను నా యాసంతా పోసి మాట్లాడాను. అవతలి మనిషి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను, ఇంకా వేగంగా, ఇంకా తిప్పి. ఆయన మర్యాదగానే, అన్నకు ఫోన్ ఇమ్మన్నాడు. అన్న తీసుకుని, ఒక్కో మాట నిలబెట్టి, పెండ్లి ఏ తారీఖు, తను ఏ తారీఖున విమానం ఎక్కుతాడో చెప్పిండు. పని అయిపోయింది. “గాయనకు నీ మాట అందలే తమ్మీ. జర మెల్లగ అనాలె” అన్నడు అన్న. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, నాకు ఉపయోగపడే సంగతి ఒకటి చెప్పిండు, అంతే.

ఫిలిప్పీన్స్ 1898 నుంచి 1946 దాకా అమెరికా ఏలుబడిలో ఉన్న దేశం. అక్కడి బళ్లలోకి ఇంగ్లీషు అమెరికా నుంచే వచ్చింది. అట్లాంటి చోట చదువుకున్న మనిషికి నా అమెరికా ఇంగ్లీషు అర్థం కాలేదు, ఇబ్రహీంపట్నం ఇంగ్లీషు అర్థమైంది. ఈ సంగతి తర్వాతెప్పుడో తెలిసి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. అప్పుడు మాత్రం ఫోన్ లైను బాగలేదనే అనుకున్నాను. మనిషి తన తప్పును చూడకుండా ఉండడానికి ఏ కారణమైనా సరిపోతుంది.

నా కళ్లు తెరుచుకున్నది చదువు వల్ల, అదీ ఆలస్యంగా. ఊరికి తిరిగి వచ్చిన తర్వాతెప్పుడో, మళ్లీ హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో ‘స్పోకెన్ ఇంగ్లిష్ ఫర్ ఇండియా’ దొరికింది. ఆర్.కె. బన్సల్, జె.బి. హారిసన్ కలిసి రాసిన పుస్తకం. బన్సల్ హైదరాబాదులోనే పనిచేశారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, ఇవాళ ఇఫ్లూ అని మనం పిలుచుకునే సంస్థలో. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోంది, ఎక్కడ అర్థం కావడం లేదు అన్నది ఆయన పరిశోధన. 1969లో అది పుస్తకంగా వచ్చింది. నేను అమీర్‌పేటలో ఫీజులు కట్టి తిరుగుతున్నప్పుడు నాకు కావలసిన జ్ఞానం అదే నగరంలో ముప్పై ఏళ్లకు పైగా అచ్చై ఉంది. వెతకాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

ఆ పుస్తకం, ఆ తర్వాత చదివినవి నాకు చెప్పిందేమిటంటే, నా నోటుబుక్కు మొదటి పేజీ నుంచే తప్పు. మన భాషలో ఇల వేరు, ఈల వేరు. రెంటికీ తేడా ప్రధానంగా నిడివిలో ఉంది. ఎంతసేపు పలికామన్నదే అర్థాన్ని మారుస్తుంది. అదే చెవితో నేను షిప్, షీప్ విన్నాను. ఇంగ్లీషులో ఆ రెండు అచ్చులకూ తేడా ప్రధానంగా నాలుక నిలిచే చోటులో ఉంది. షీప్ అనేటప్పుడు నాలుక ముందు భాగం పైకి, ముందుకి, బిగువుగా పోతుంది. షిప్‌లో కొంచెం దిగి, కొంచెం వెనక్కి జరిగి, వదులవుతుంది. ఇక నిడివి అంటారా, అది తర్వాత వచ్చే హల్లును బట్టి మారుతుంది. ‘బీట్’లోని అచ్చు కన్నా ‘బీడ్’లోని అచ్చు సాగుతుంది. ‘బిడ్’లోని అచ్చు హ్రస్వమని మనం రాసుకుంటాం గానీ, అమెరికన్ నోట అది ‘బీట్’లోని దీర్ఘంతో సమానంగా సాగగలదు. అంటే నేను ఏళ్లపాటు దీర్ఘాలు తీసి, హ్రస్వాలు తుంచి చేసిన సాధన, అమెరికన్ చెవి ముందుగా వెతికే చోట అసలు లేనే లేదు.

దీన్ని నా కళ్లతో చూశాక గానీ నమ్మలేదు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేశారు. మన గొంతు రికార్డు చేసి ఇస్తే, అచ్చు పలికేటప్పుడు నోట్లో ఏ ధ్వనులు బలపడుతున్నాయో కొలిచి చూపిస్తుంది. ఈ కొలతలకు దారి వేసింది 1952లో బెల్ ల్యాబ్స్‌లో గోర్డన్ పీటర్సన్, హెరాల్డ్ బార్నీ చేసిన పరిశోధన. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి 76 మందితో 10 అచ్చులున్న పదాలు పలికించి కొలిచారు. షీప్‌లోని అచ్చుకు మగవాళ్ల సగటు మొదటి కొలత 270 హెర్ట్జ్, రెండోది 2290. షిప్‌లోని అచ్చుకు 390, 1990. నోరు తెరుచుకునే కొద్దీ మొదటి అంకె పెరుగుతుంది, నాలుక ముందుకు పోయే కొద్దీ రెండోది పెరుగుతుంది. నా రెండు అచ్చులూ తెర మీద దాదాపు ఒకే చోట కూర్చున్నాయి. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా. ఏళ్ల నా శ్రమ ఆ తెర మీద కనిపించింది.

అందరిదీ ఒకే నోరు, ఒకే నాలుక. ఒకే చెలకలో తెలుగు ఒకచోట గెట్టు వేసుకుంది, ఇంగ్లీషు ఇంకోచోట వేసుకుంది. గెట్టు ఎక్కడుందో చెవికి తెలియకుండా నాలుకను ఎంత నడిపించినా అది పాత గెట్టు దగ్గరే ఆగుతుంది. మా దిక్కు “నోరు తిరుగుతలేదు” అంటారు. తిరగనిది నోరు కాదు, ముందు చెవి. ప్యాట్రీషియా కూల్, ఆమె తోటివాళ్లు 1992లో అమెరికా పిల్లల మీద, స్వీడన్ పిల్లల మీద చేసిన ప్రయోగంలో, ఆరు నెలల పసివాళ్ల చెవులు అప్పటికే తమ ఇంటి భాష అచ్చుల వైపు మొగ్గాయని తేలింది. ఇంకా మాట రాని వయసది. పెద్దయ్యాక ఆ చెవిని మార్చుకోలేమా అంటే, కొంత మార్చుకోగలం. 1990ల మొదట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో జపాన్ వాళ్లకు ‘ర’, ‘ల’ తేడా వినడం నేర్పారు. చాలామంది గొంతులతో నేర్పినప్పుడు, అంతకుముందు వినని గొంతులో కూడా వాళ్లు ఆ తేడా పట్టగలిగారు. ఒకే గొంతుతో నేర్పితే ఆ నేర్పు కొత్త గొంతుకు అందలేదు. నేను ఏళ్ల తరబడి విన్నది ఒకే టేపు, ఒకే గొంతు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మరొకటి. నేను బయట వెతికిన అచ్చులు కొన్ని మా ఇంట్లోనే ఉన్నాయి. అవ్వ గ్యాస్ అంటుంది, బ్యాంకు అంటుంది, బ్యాగు అంటుంది. ఆ మాటల్లో ‘ఆ’కూ ‘ఏ’కూ మధ్య పలికే అచ్చు అమెరికన్ల ‘బ్యాడ్’లోని అచ్చుకు దగ్గరి చుట్టం. నేనేమో దాన్ని పల్లెటూరి సాగదీత అనుకుని కుదించాను. దాంతో నా బ్యాడ్, నా బెడ్ ఒకటై కూర్చున్నాయి. ఇంకా చూడండి. డాక్టరు, కాలేజీ, షాపు, బాక్సు. ఇంగ్లండు వాళ్లు ఆ మొదటి అచ్చును పెదవులు గుండ్రం చేసి అంటారు. మనవాళ్లు దాన్ని ‘ఆ’ అని విన్నారు, ‘ఆ’ అనే రాసుకున్నారు. అమెరికన్లు కూడా దాన్ని పెదవులు గుండ్రం చేయకుండా ‘ఆ’కు దగ్గరగానే పలుకుతారు. బడి మొఖం చూడని మా అవ్వ ‘డాక్టరు’ అన్నప్పుడు ఆ మొదటి అచ్చు షికాగోలో అయినా చెల్లుతుంది. మొదట్లో ఒక కోచింగ్ సెంటర్లో పెదవులు గుండ్రం చేయమంటే చేశాను, తర్వాత అమెరికా టేపు విని విప్పాను, చివరికి వచ్చి చేరింది అవ్వ దగ్గరికే.

నిజంగా మార్చుకోవలసినవీ ఉన్నాయి, వాటిని నేను పట్టించుకోలేదు. మాట మొదట్లో ఇకారమో ఎకారమో వస్తే మనం ముందు యకారం చేరుస్తాం, ఒకారం వస్తే వకారం. ఎక్కడ అని రాసి యెక్కడ అంటాం. అందుకే పేర్ల ముందు పొడి అక్షరాలను కొందరు ‘ఎన్’ అని, కొందరు ‘యన్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ఇది ఒక మాటను ఇంకో మాట చేస్తుంది. చెవిని ‘ఇయర్’ అనాలి, ముందు యకారం చేరిందంటే అది సంవత్సరం. ఇక అన్నిటికన్నా పెద్దది, ఇంగ్లీషులో ఊనిక లేని చోట అచ్చు మసకబారడం. ఆ మసక అచ్చే ఆ భాషలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడే అచ్చు. దానికంటూ ఒక అక్షరం లేదు. బనానా అనే మాటలో మూడు చోట్లా ఒకే అక్షరం రాస్తారు. అమెరికన్ నోట నడిమిది మాత్రమే నిండుగా, బ్యాంకులోని అచ్చులా పలుకుతుంది, మొదటిది, చివరిది మసకే. అమెరికా అన్న పేరులోనే రెండో అచ్చు నిండుగా వినబడుతుంది, మొదలూ చివరా దాదాపు కరిగిపోతాయి. మన తెలుగులో ప్రతి అచ్చుకూ దాని మర్యాద దానికి దక్కుతుంది. అది మన భాష అందం. ఇంగ్లీషులో అన్ని అచ్చులనూ సమానంగా నిలబెడితే, ఏ భాగం మీద ఊనిక ఉందో వినేవాడికి తెలియదు. హోటల్, డెవలప్ లాంటి మాటల్లో ఊనిక రెండో భాగం మీద ఉండాలి. ఇది సరిచేసుకుంటే వచ్చే స్పష్టత, నాలుక ఎంత మడిచినా రాదు.

ఇంగ్లీషు రాతకూ పలుకుకూ ఇంత దూరం ఎందుకన్నది కూడా నాకు తెలియకపోయేది. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లండులో దీర్ఘాచ్చులన్నీ తమ చోటు మార్చుకున్నాయి. ఇవాళ ‘నేమ్’ అనే పదాన్ని ఒకప్పుడు ‘నామ’కు దగ్గరగా పలికేవారు, ‘టైమ్’ను ‘టీమ’కు దగ్గరగా. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లమెల్లగా గట్టిపడింది, పలుకు నడుస్తూనే ఉంది. కాబట్టి అక్షరం చూసి పలకబోతే ఇంగ్లీషు పిల్లవాడే తడబడతాడు. తెలుగులో రాసినట్టు పలికి, పలికినట్టు రాసే అలవాటున్న మనం తడబడితే తలవంపులు ఎందుకు?

అయినా తలవంపులని ఎందుకు అనుకున్నాను? ఇక్కడే నా అసలు తెలివితక్కువతనం ఉంది. నేను నేర్చుకోవాలనుకున్నది ధ్వని కాదు, అంతస్తు. విలియం లాబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకు పోయి, 264 మంది పనివాళ్ల చేత ‘నాలుగో అంతస్తు’ అనే మాట ఇంగ్లీషులో రెండేసి సార్లు అనిపించాడు. ఆ మాటల్లోని ‘ర’ను ఖరీదైన సాక్స్‌లో 62 శాతం మంది పూర్తిగానో కొంతో పలికారు, మధ్యరకం మేసీస్‌లో 51 శాతం, చవక దుకాణం క్లైన్‌లో 20 శాతం. అంతకు ఒక తరం ముందు అదే నగరంలో ‘ర’ వదిలేయడమే గొప్పవాళ్ల పద్ధతి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది తలకిందులైంది. అంటే అమెరికాలోనే ‘ర’ విలువ ఒక తరంలో మారిపోయింది. 2006లో లాబోవ్, ఆయన సహచరులు వేసిన ఉత్తర అమెరికా ఉచ్చారణ పటాల్లో, ఇంగ్లీషులో మంచం అనే అర్థమున్న ‘cot’ అన్న మాటకూ పట్టుకున్న అనే అర్థమున్న ‘caught’ అన్న మాటకూ పడమటి రాష్ట్రాల్లో ఒకే అచ్చు, న్యూయార్క్‌లో రెండు వేర్వేరు అచ్చులు. నేను నమ్మిన ఆ ఒక్క అమెరికా యాస అమెరికాలో లేదు.

కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో ప్రచురించిన పరిశోధన చదివినప్పుడు నాకు మా అన్న గుర్తొచ్చాడు. యాస బలంగా ఉండడం వేరు, మాట అర్థం కాకపోవడం వేరు అని వాళ్లు చూపించారు. యాస చాలా బలంగా ఉందని విన్నవాళ్లే, ఆ వాక్యాలను తప్పు లేకుండా రాసి ఇచ్చారు. దుబాయి సైట్ల మీద అన్న ప్రతిరోజూ రుజువు చేస్తూ వచ్చింది అదే.

ఇంకొక పేరు చెప్పాలి. రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివారు, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేశారు. మనిషి మాటను యంత్రం వినేలా చేయడం ఆయన జీవితకాలపు పని. ఆయనకు 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది, ఆసియాలో పుట్టినవాళ్లలో మొదటిసారి. ఇవాళ ఫోన్ మన ఇంగ్లీషు విని అక్షరాలు చేస్తోందంటే ఆ దారిలో మొదటి అడుగులు వేసినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన ప్రసంగాలు వినండి. ఆ ఇంగ్లీషులో పుట్టిన నేల వినబడుతుంది, ప్రతి మాటా అర్థమవుతుంది.

హైదరాబాదు వదిలి వచ్చాక నేను మెట్‌పల్లిలో కొంతకాలం స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాను. ఈ సంగతులేవీ నాకు అప్పటికి తెలియవు. నా నోటుబుక్కే పిల్లలకు ఇచ్చాను, హ్రస్వదీర్ఘాలు దిద్దాను. ఒక అమ్మాయి ఉండేది. బీడీలు చేసే ఇంటి పిల్ల, తప్పులతోనైనా గలగలా మాట్లాడేది. ప్రతి వాక్యానికీ మధ్యలో ఆపి అచ్చు సరిచేశాను. కొన్నాళ్లకు అడిగితే తప్ప మాట్లాడేది కాదు, తర్వాత రావడమే మానేసింది. అన్నను ఆపినట్టే ఆమెనూ ఆపాను. అన్నకు ఆ తర్వాత క్షమించమని చెప్పుకున్నాను. “గదంతా మనసుల పెట్టుకుంటరా” అన్నడు. ఆ అమ్మాయికి చెప్పుకునే వీలు దొరకలేదు.

2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకాలు ఇచ్చారు. మా ఊరి పిల్లల చేతుల్లో ఆ పుస్తకాలు చూస్తే సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. వాళ్లకు చెప్పే సార్లకూ టీచరమ్మలకూ, ఇంట్లో చదివించే అన్నలకూ అక్కలకూ నా మనవి ఇది. అచ్చులు నేర్పండి, తప్పక నేర్పండి. తెలుగు అక్షరాల్లో రాయించి కాదు, వినిపించి నేర్పండి. షిప్, షీప్ పక్కపక్కన పెట్టి, బెడ్, బ్యాడ్ పక్కపక్కన పెట్టి, ఏది విన్నారో చెప్పమనండి. ఆడగొంతు, మగగొంతు, అమెరికా గొంతు, ఆఫ్రికా గొంతు, గల్ఫ్ నుంచి వచ్చిన మన ఊరి గొంతు అన్నీ వినిపించండి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మనుషులు ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లను బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించండి. ఏ మాటలో ఊనిక ఎక్కడో చెప్పండి. పిల్ల మాట్లాడుతున్నప్పుడు మాత్రం మధ్యలో ఆపకండి. వాక్యం పూర్తయ్యాక, చెప్పదలుచుకున్నది మీకు అర్థమైందని ముందు చెప్పండి. దిద్దడం ఆ తర్వాత.